ఆ ఒక్క రోజుకు ముందు 15 నెలలు

ఈ వారం విశ్వాస వీరుల జీవితాల్లో మనవాళ్లకు బాగా తెలిసిన పేరే తీసుకుంటున్నాం. ఒంగోలు క్లౌ దొరగారు. పూర్తి పేరు జాన్ ఎవరెట్ క్లౌ.

ప్రకాశం, నెల్లూరు, గుంటూరు జిల్లాల నుంచి వచ్చినవాళ్లలో చాలామంది ఇళ్లలో తాతలు, ముత్తాతలు ఈయన పేరు చెప్పుకుంటూనే ఉంటారు. ఒకే రోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగిన సంగతి మన మీటింగుల్లో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. స్టేజీ మీద ఆ నంబరు చెప్పగానే చప్పట్లు మోగుతాయి. ఆ రోజుకు ముందు 15 నెలల పాటు ఆయన ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వకుండా ఆగిన సంగతి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. నా మట్టుకు నాకు ఆ నంబరు కంటే ఈ 15 నెలలే పెద్దవిగా కనిపిస్తాయి. ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

క్లౌగారు 1836 జూలై 16న అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. విచిత్రం చూడండి, తెలుగువాళ్ల కోసం అమెరికన్ బాప్టిస్టులు పంపిన మొదటి మిషనరీ శామ్యూల్ డే దొరగారు మన దేశంలో అడుగుపెట్టింది కూడా 1836లోనే. ఇక్కడ పని మొదలయ్యే సంవత్సరంలోనే ఆ పనిని ముందుకు తీసుకెళ్లే బిడ్డ అక్కడ పుట్టాడన్నమాట. అప్పట్లో ఆ సంగతి ఎవరికి తెలుసు?

కలిగినవాళ్ల కుటుంబం కాదు. బతుకుదెరువు కోసం పడమటికి, ముందు ఇల్లినాయిస్‌కు, ఆ తర్వాత అయోవాకు వలస వెళ్లారు. కుర్రాడిగా ఉండగానే జాన్ మిన్నెసోటా అడవుల్లో ప్రభుత్వ సర్వే పార్టీలో కూలికి చేరాడు. సర్వే గొలుసు పట్టుకుని కొలతలు కొలిచే పని. చలి, చిత్తడి, డేరాల్లో పడక. సైట్లలో పనిచేసే మన తమ్ముళ్లకు ఈ బతుకు ఎలా ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు. తెలివైనవాడు కాబట్టి గొలుసు పట్టుకునే పని నుంచి సొంతంగా సర్వే చేయగల స్థాయికి ఎదిగాడు. భూమి కొలవడం, వాలు చూడడం, ఎంత మట్టి తవ్వాలో లెక్క కట్టడం అన్నీ నేర్చుకున్నాడు. ఆ డబ్బుతో చదువుకుని లాయరు కావాలని ఆయన ఆశ. దేవుని మీద అప్పట్లో ఆయనకు పెద్ద ఆసక్తి లేదు.

అయోవాలో బర్లింగ్టన్ అనే ఊళ్లో బాప్టిస్టు కాలేజీలో చేరాక ఆ కుర్రాడి మనసు మారింది. అక్కడే ప్రభువును నమ్మి బాప్తిస్మం తీసుకున్నాడు. లాయరు ఆశ మెల్లగా పక్కకు జరిగింది. బడిలో పాఠాలు చెప్పాడు, ఊరూరా తిరిగి క్రైస్తవ పుస్తకాలు పంచాడు. చివరికి దూరదేశం వెళ్లి సేవ చేయాలన్న పిలుపు గట్టిగా వచ్చింది. బోస్టన్‌లో మిషనరీ సంఘం పెద్దలు ఆయన్ను పిలిచి పరీక్షించారు. మేం పంపకపోతే ఏం చేస్తావని అడిగితే, ఇండియా వెళ్లడానికి ఇంకో దారి వెతుక్కోవాల్సి వస్తుందని చెప్పాడట. మొండివాడే. ఆ మొండితనం చివరిదాకా పోలేదు. ఆయనతో కలిసి పనిచేసినవాళ్లకు అది కొన్నిసార్లు కష్టంగానే ఉండేది.

అప్పటి తెలుగు మిషను పరిస్థితి ఎలా ఉండేదో కూడా తెలియాలి. 1840లో నెల్లూరులో కుదురుకున్న ఆ పని ఇరవై ఏళ్లు దాటినా ఎదగలేదు. నమ్మినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అమెరికాలో పెద్దలు మూడుసార్లు దీన్ని మూసేద్దామా అని ఆలోచించారు. మ్యాపులో బర్మా అంతటా మిషను స్టేషన్ల గుర్తులు నక్షత్రాల్లా ఉంటే, తెలుగు దేశంలో నెల్లూరు దగ్గర ఒకే ఒక్కటి ఉండేది. అందుకే దానికి ఒంటరి నక్షత్రం అని పేరు పడింది.

1862లో మళ్లీ మూసేసే మాట వచ్చింది. అప్పుడే నెల్లూరు నుంచి సెలవు మీద ఇంటికి వచ్చిన లైమన్ జ్యూయెట్ దొరగారు ఒప్పుకోలేదు. మీరు పంపినా పంపకపోయినా నేను వెనక్కి వెళ్తాను, అక్కడే ఉంటాను, అక్కడే చస్తాను అన్నది ఆయన పట్టు. ఈ జ్యూయెట్‌గారే 1854 జనవరి 1న తెల్లవారుజామున భార్యతోను, కొద్దిమంది తెలుగు విశ్వాసులతోను ఒంగోలు పక్క కొండెక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థన చేశారు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. ప్రార్థన చేసి పదేళ్లు దాటినా ఎవరూ రాలేదు. ఆయన మాత్రం చెప్పిన చోటే నిలబడ్డారు.

చివరికి పెద్దలు దిగొచ్చి, ఆయనకు తోడుగా క్లౌ దంపతులను పంపారు. 1864 నవంబరు 30న బోస్టన్‌లో చిన్న ఓడ ఎక్కారు. అప్పటికి సూయజ్ కాలువ లేదు. ఆఫ్రికా ఖండమంతా చుట్టి రావాలి. నాలుగు నెలలు పైగా సముద్రం మీదే గడిపి 1865 ఏప్రిల్‌లో మద్రాసు మీదుగా నెల్లూరు చేరారు. మనం నాలుగైదు గంటల ఫ్లైట్ ఎక్కేటప్పుడే అమ్మ మొహం చూడలేక తల తిప్పుకుంటాం. వాళ్లు వెళ్లింది మళ్లీ ఎప్పుడు తిరిగి వస్తామో తెలియని ప్రయాణం. అబ్రాహాము కూడా అంతే కదా. ఎక్కడికో తెలియకుండానే బయల్దేరాడు. పిలిచినవాడు ఎవరో తెలుసు, ఆయనకు అది చాలింది.

1866లో క్లౌగారు నెల్లూరు నుంచి ఒంగోలుకు మారారు. 1867 జనవరి 1న అక్కడ సంఘం కట్టారు. సభ్యులు ఎంతమంది అనుకున్నారు? ఎనిమిది మంది.

ఇక్కడ ఇంకొకాయన గురించి చెప్పకుండా ముందుకు పోతే పాపం. ఎర్రగుంట్ల పేరయ్యగారు. ఒంగోలుకు పడమట, చాలా దూరంలో ఉన్న తాళ్లకొండపాడు ఆయన ఊరు. మాదిగ కుటుంబం, తోళ్ల వ్యాపారం. చదువు లేదు కానీ ఆత్మ సంగతుల మీద ఆకలి ఎక్కువ. ఒక గురువు దగ్గర యోగం నేర్చుకున్నారు, గంటల తరబడి కళ్లు మూసుకుని కూర్చునేవారు, అయినా మనసుకు నెమ్మది దొరకలేదు. తోళ్ల వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు అక్కడ మొదటిసారి యేసుప్రభువు గురించి విన్నారు. పొట్టకూటి కోసం ఊరు దాటి వెళ్లి, అక్కడ ప్రభువును కనుగొన్నవాళ్లు మన మధ్య ఎంతమంది లేరు! పేరయ్యగారు వాళ్లందరికీ పెద్దన్న లాంటివారు.

ఊరికి తిరిగొచ్చి, విన్నంతవరకు తనవాళ్లకు చెప్పడం మొదలుపెట్టారు. తర్వాత ఒంగోలులో దొరగారు ఉన్నారని తెలిసి, భార్య నాగమ్మతో కలిసి వచ్చి బాప్తిస్మం తీసుకున్నారు. మా ఊరు రావాలి, అక్కడ జనం ఎదురుచూస్తున్నారు అని అడిగారు. 1867 జనవరిలో క్లౌగారు వెళ్లి ఊరి బయట చెట్ల కింద డేరా వేశారు. చుట్టుపక్కల పల్లెల నుంచి జనం కొన్ని రోజులకు సరిపడా తిండి మూట కట్టుకుని వచ్చి అక్కడే ఉండిపోయారు. పగలూ రాత్రీ వాక్యం వినడం, ప్రార్థన చేయడం. ఆ చోటే 28 మంది బాప్తిస్మం పొందారు. ఎనిమిది మంది సంఘానికి ఒకేసారి 28 మంది కలిశారు.

నిజం చెప్పాలంటే ఈ పని మొదలుపెట్టింది దొరగారు కాదు, పేరయ్యగారే. ఒంగోలు నుంచి నడిచి వెళ్లలేనంత దూరపు పల్లెల్లో, తెల్లవాడి ముఖం కూడా చూడని జనానికి చెప్పులు కుట్టే ఈ మనుషులే వాక్యం చెప్పారు. చరిత్ర పుస్తకాల్లో దొరల పేర్లే పెద్ద అక్షరాల్లో ఉంటాయి, ఏం చేస్తాం.

సంతోషంగా ఇంటికి తిరిగొచ్చిన క్లౌగారికి అసలు పరీక్ష ఒంగోలులోనే కాచుకుని ఉంది.

ఆయన పెట్టిన బడిలో బ్రాహ్మణుల, ఇతర పెద్ద కులాల పిల్లలు చదువుతున్నారు. ఊళ్లో పెద్దమనుషులు ఆయన మాటలు ఆసక్తిగా వింటున్నారు. కొందరు మతంలోకి వచ్చేలా కూడా కనిపిస్తున్నారు. ఏ మిషనరీకైనా అదే కల. పైన ఉన్నవాళ్లు ముందు నమ్మితే కిందివాళ్లు వాళ్ల వెంట వస్తారని అప్పట్లో అందరి లెక్క. ఇప్పుడు ఆ పెద్దమనుషులు వచ్చి కచ్చితంగా చెప్పేశారు. ఆ మాదిగవాళ్లను చేర్చుకుంటే మా పిల్లల్ని బడి మాన్పిస్తాం, మేమూ మీ దగ్గరికి రాం అన్నారు.

ఆయన స్థానంలో మనం ఉంటే ఏం చేసేవాళ్లం? కొంతకాలం ఆగండి, మెల్లగా చూద్దాం అని పేరయ్య మనుషులకు చెప్పి పంపేవాళ్లమేమో. అది తెలివైన పనిలా కూడా కనిపించేది. ఇద్దర్నీ పోగొట్టుకోవడం ఎవరికి ఇష్టం?

క్లౌగారు కలవరంతో తన గదిలోకి వెళ్లి బైబిలు చేతిలోకి తీసుకున్నారు. తెరుచుకున్న పేజీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం. దేవుడు ఎవరిని ఎన్నుకుంటాడో పౌలు చెప్పే చోటు. లోకం తెలివితక్కువవాళ్లు, బలహీనులు, నీచులు అనుకునేవాళ్లనే ఆయన ఎన్నుకున్నాడని, ఎవరూ ఆయన ముందు గొప్పలు చెప్పుకోకుండా అలా చేశాడని ఉన్న వచనాలు. అదే సమయానికి పక్క గదిలో దొరసానిగారు హ్యారియెట్ కూడా ఈ సంగతి మీదే ఆలోచిస్తూ తన బైబిలు తీశారు. ఆమె చదువుతున్నదీ అవే వచనాలు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. తర్వాత మాట్లాడుకుంటే ఇద్దరూ నిర్ఘాంతపోయారు.

ఇక్కడ ఒక మాట. కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టడం దేవుని చిత్తం తెలుసుకునే పద్ధతి అని నేను చెప్పడం లేదు. కొత్త సంవత్సరం రోజు వాగ్దానాల కార్డు తీసి, బాగాలేదని ఇంకో కార్డు తీసేవాళ్లు మనలో ఉన్నారు. క్లౌగారికి ఆ రోజు కొత్త సంగతేమీ తెలియలేదు. సువార్త పేదలకని, అడిగి వచ్చినవాణ్ణి తోసేయకూడదని ఆయనకు ముందే తెలుసు. తెలిసినదాన్ని చేస్తే ఏం పోతుందో అన్న భయమే అడ్డు. ఆ వచనాలు కొత్తగా చెప్పిందేమీ లేదు, ఆ భయాన్ని పక్కకు నెట్టాయంతే.

ఆయన మాదిగ విశ్వాసులను చేర్చుకున్నారు. పెద్ద కులాల పిల్లలు చెప్పినట్టే బడి వదిలి వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున ఖాళీ బెంచీలు. నమ్మి లోబడితే వెంటనే దీవెన వస్తుందని మనకు చెబుతూ ఉంటారు. ఆయనకు వెంటనే వచ్చింది ఖాళీ బడి. తర్వాత జరగబోయే పెద్ద కూడికలు ఆ రోజు ఆయనకు ఎవరూ చూపించలేదు.

కొత్తగా నమ్మినవాళ్లకు క్లౌగారు మూడు సంగతులు కచ్చితంగా చెప్పేవారు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. ఇప్పుడు వింటే చిన్నవిగా అనిపిస్తాయి. అప్పటి పల్లెలో ఈ మూడూ కలిస్తే బతుకే తలకిందులు.

ఎలాగంటే, మాదిగపల్లె ఊరికి కట్టుబడి ఉండేది. చచ్చిన గొడ్డును ఈడ్చుకెళ్లాలి, రైతులకు చెప్పులు, బావుల్లో నీళ్లు తోడే తోలు బొక్కెనలు కుట్టాలి, పిలిస్తే పొలం పనికి పోవాలి, జాతరల్లో డప్పు కొట్టాలి. దానికి ప్రతిగా కోతల సమయంలో ధాన్యంలో కొంత మేరగా వచ్చేది. అదే ఏడాది తిండి. ఇప్పుడు ఈ మనుషులు ఆదివారం పొలానికి రాం, జాతరలో డప్పు కొట్టం అంటే ఊరి పెద్దలు ఊరుకుంటారా? మేర ఆపేశారు. పని ఇవ్వలేదు. నీళ్లు తోడుకోనివ్వలేదు. కొన్ని ఊళ్లలో కొట్టారు, దొంగ కేసులు పెట్టి జైల్లో వేయించారు. కరణం, మునసబు ఒక్కటైతే పేదవాడి మాట వినేదెవరు? క్లౌగారు కలెక్టర్ల దగ్గరికి, కోర్టులకు వీళ్ల తరఫున ఎంతగానో తిరిగారు. అయినా రాత్రి ఆ పల్లెలో పడుకోవాల్సింది వాళ్లే, ఆయన కాదు.

ఈ సంగతి కాస్త ఆగి ఆలోచించాలి. విధేయత అనగానే మనకు తల వంచడమే గుర్తుకొస్తుంది. కఫీల్‌కి లోబడు, ఫోర్‌మన్‌కి లోబడు, ఏజెంటుకి ఎదురు చెప్పకు, దేవుడు చూసుకుంటాడు. కొందరు వాక్యం చెప్పేవాళ్లు కూడా ఇలాగే చెబుతారు, జీతం ఆరు నెలలు రాకపోయినా సరే. ఆ పల్లెల్లో జరిగింది దీనికి సరిగ్గా ఎదురు. తరతరాలుగా ప్రతి మాటకూ తలవంచిన మనుషులు, దేవునికి లోబడడం మొదలుపెట్టగానే మొదటిసారి ఊరి పెద్దలకు కాదు అని చెప్పగలిగారు. తిట్టలేదు, కొట్టలేదు. డప్పు కింద పెట్టారు, అంతే. తిండి పెట్టేది కరణం కాదు, దేవుడు అని నమ్మితేనే ఆ పని సాధ్యం. నమ్మకం లేని విధేయత అయితే పాత బానిసత్వమే.

గల్ఫ్‌లో ఆదివారం డ్యూటీకి వెళ్లి శుక్రవారం ఆరాధనకు వచ్చే మనవాళ్లు ఈ మొదటి నియమం చదివి బాధపడొద్దు. వాళ్లకు ఆ రోజున ఆదివారం అంటే, మేము ఊరి వెట్టివాళ్లం కాదు, ప్రభువు మనుషులం అని అందరి ముందు చెప్పడం. మన మాట ఎక్కడ నిలబెట్టుకోవాలో అది మన క్యాంపుల్లో వేరే చోట ఉండొచ్చు.

ఇలా పదేళ్లు గడిచాయి. సంఘాలు పెరిగాయి. మధ్యలో క్లౌగారు అమెరికా వెళ్లి రామాపట్నం సెమినరీ కోసం డబ్బు కూడా పోగుచేసి వచ్చారు. అప్పుడు 1876 వచ్చింది.

వానలు పడలేదు. మరుసటి ఏడాదీ సరిగా పడలేదు. మద్రాసు రాష్ట్రమంతా కరువు, దాని వెనకే కలరా. లక్షల మంది చనిపోయారు. అమ్ముకోవడానికి గొడ్డు లేదు, తవ్వుకోవడానికి దుంప లేదు. ఒంగోలు మిషను బంగళా చుట్టూ ఎముకల గూళ్లలాంటి మనుషులు వచ్చి కూలబడుతున్నారు.

ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. ఉత్తరాన పెదగంజాం దగ్గర కృష్ణా కాలువలతో కలిసేలా, సముద్రం ఒడ్డు వెంబడి మద్రాసు దాకా పడవలు పోయే కాలువ. కానీ ఆ పనుల్లో మేస్త్రీలు, పైవాళ్లు తక్కువ కులాల కూలీలను ఎలా చూస్తారో క్లౌగారికి తెలుసు. కూలిలో కోత, తిట్లు, దెబ్బలు. అందుకని ఆయనే ప్రభుత్వానికి అర్జీ పెట్టి మూడున్నర మైళ్ల కాలువ కాంట్రాక్టు తీసుకున్నారు. మిషనరీ కాంట్రాక్టరు అయ్యాడు! మిన్నెసోటా అడవుల్లో గొలుసు పట్టుకుని నేర్చుకున్న సర్వే, ఇరవై ఏళ్ల తర్వాత ఇక్కడ పనికొచ్చింది. కొలతలు వేసుకున్నారు, కూలీలు ఉండడానికి తాటాకు గుడిసెలు వేయించారు, తాగడానికి బావులు తవ్వించారు. మేస్త్రీలుగా ఎవరిని పెట్టారో తెలుసా? సువార్త చెప్పే తెలుగు బోధకులను. పేరయ్యగారి లాంటివాళ్లను. కూలీని తిట్టని మేస్త్రీ, పేరు పెట్టి పిలిచే మేస్త్రీ, చెప్పిన కూలి చేతిలో పెట్టే మేస్త్రీ. సైటులో పనిచేసినవాడికే దాని విలువ తెలుస్తుంది.

వేలమంది పలుగు, పార, గంపలతో ఆ మట్టి తవ్వారు. ఒక గుంపు పోతే ఇంకో గుంపు. మధ్యాహ్నం నీడలో కూర్చున్నప్పుడు బోధకులు వాళ్లతో మాట్లాడేవారు. ప్రయాసపడి భారం మోసేవాళ్లను తన దగ్గరికి పిలిచిన యేసు గురించి చెప్పేవారు. పొద్దుటి నుంచి తల మీద మట్టి గంప మోసిన మనిషికి ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో ఊహించండి. అన్ని కులాలవాళ్లూ ఆ కాలువ మీద పనిచేశారు, అందరూ విన్నారు.

ఆ కాలువ గురించి ఇంకో సంగతి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఆంధ్ర తీరంలో పొంగిన నీటిని బకింగ్‌హాం కాలువ చాలావరకు తనలోకి తీసుకుని జనాన్ని కాపాడిందని శాస్త్రవేత్తలు రాశారు. కరువు కూలీలు ఆకలితో తవ్విన కాలువ అది.

ఇప్పుడు ఆ 15 నెలల సంగతికి వద్దాం. కాలువ మీద వాక్యం విన్నవాళ్లు బాప్తిస్మం అడగడం మొదలుపెట్టారు. ఒకరిద్దరు కాదు, వందలు, వేలు. వేరే ఎవరైనా అయితే సంతోషంగా రిజిస్టరు తెరిచి అమెరికాకు లెక్కలు పంపేవారు. క్లౌగారు ఇవ్వనన్నారు. ఇప్పుడు నా చేతిలో కూలి డబ్బు ఉంది, గింజలు ఉన్నాయి. ఈ చేత్తోనే బాప్తిస్మం ఇస్తే, వీళ్లు ప్రభువు కోసం వచ్చారో తిండి కోసం వచ్చారో నాకూ తెలియదు, వాళ్లకూ తెలియదు అన్నది ఆయన ఆలోచన. 1877 మార్చి నుంచి తలుపు మూశారు.

ఇది ఎంత కష్టమో చూడండి. చుట్టూ జనం చచ్చిపోతున్నారు. బాప్తిస్మం అడిగినవాడు వచ్చే వారానికి బతికి ఉంటాడో లేదో తెలియదు. ఏళ్ల తరబడి ఈ జనం కోసమే ప్రార్థన చేశారు, ఇప్పుడు వాళ్లే వచ్చి అడుగుతుంటే ఆగమనాలి. ఈలోగా వాళ్లు వేరే సంఘాలకు పోవచ్చు, విసుగొచ్చి పాత దారికి పోవచ్చు. బడి ఖాళీ అయిన రోజు ఆయన పెద్దమనుషులను పోగొట్టుకున్నారు. ఇప్పుడు పేదవాళ్లను కూడా పోగొట్టుకునే ప్రమాదం ఉంది. అయినా ఆగారు. దేవుడు నిజంగా పిలిచినవాణ్ణి కరువు తీరేదాకా దేవుడే నిలబెట్టుకుంటాడు, నేను పట్టుకు వేలాడాల్సిన పని లేదని నమ్మితే తప్ప అలా ఆగలేం.

1878 వేసవి దాటింది. కాంట్రాక్టు పని అయిపోయింది. సహాయం పంచడం ఆగింది. ఒంగోలులో మశూచి ఉండడంతో, ఊరికి ఉత్తరాన పది మైళ్ల దూరంలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లిలో కలుద్దామని బోధకులకు కబురు పెట్టారు. వాళ్లతో పాటు వేలమంది జనం కూడా వచ్చేశారు. ఆయన వాళ్లందరి ముందు నిలబడి, ఇక డబ్బు లేదు, పని లేదు, ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు, ఇళ్లకు వెళ్లిపొమ్మని చెప్పారు.

ఎవరూ కదల్లేదు. మాకు సహాయం వద్దన్నారు. కాలువ తవ్వి పొక్కులెక్కిన చేతులు చూపించారు. పని చేసి బతికాం, ఇకపైనా పని చేసుకునే బతుకుతాం, మళ్లీ పంట పోయి చావాల్సి వస్తే క్రైస్తవులుగా చస్తాం అన్నారు.

అప్పుడు ఆయన ఆపలేకపోయారు. అయినా తొందరపడలేదు. బోధకులు ఊరూరి జనాన్ని విడివిడిగా కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ ప్రశ్నించారు, పేర్లు రాశారు, తమకు తెలియనివాళ్లను ఆగమన్నారు. జూలై 2న 614 మంది, జూలై 3న 2,222 మంది, జూలై 4న 700 మంది గుండ్లకమ్మ నీళ్లలో దిగారు. మూడు రోజుల్లో 3,536. నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారుతూ. ఆ పెద్ద రోజున క్లౌగారు తన చేత్తో ఒక్కరికి కూడా ఇవ్వలేదు. ఒడ్డున ఉండి క్రమం చూసుకున్నారు.

అన్నం కోసం మతం మారారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. కరువు, కులం, ఆకలి, అవమానం ఇవన్నీ ఆ జనం బతుకులో ఉన్న మాట నిజమే, దాచాల్సిన పని లేదు. కానీ గింజలు ఉన్నప్పుడు మూసి ఉన్న తలుపు, గింజలు అయిపోయాకే తెరుచుకుంది. ఆ సంగతి కూడా చెప్పాలి కదా.

ఆ ఏడాది చివరికి ఒంగోలు సంఘ సభ్యుల సంఖ్య 12,000 దాటింది. వాళ్లలో చాలామందికి చదువు రాదు, వాళ్ల పల్లెల్లో బడి లేదు. బాప్తిస్మం తర్వాత అసలు పని అప్పుడే మొదలైంది. పల్లె పల్లెకు బడి, పంతులు, బోధకుడు. అమెరికా వెళ్లి ఇంకా మనుషులను, డబ్బును తీసుకురావడం. 1893లో హ్యారియెట్‌గారు చనిపోయారు. ఒంగోలులో ఖాళీ బెంచీలు చూసిన రోజున పక్కనున్నది ఆమే. తర్వాత ఆయన ఎమ్మా రౌషెన్‌బుష్‌గారిని పెళ్లి చేసుకున్నారు. ఈ పల్లెల పెద్దల కథలు వాళ్ల నోటే విని పుస్తకంగా రాసి పెట్టింది ఆమే. పేరయ్యగారి జీవితం మనకు ఇంత వివరంగా తెలిసిందంటే ఆమె వల్లే.

1901లో పడిపోయి తొడ ఎముక విరిగింది. అడవులు కొలిచిన కాళ్లు, ఒంగోలు తాలూకా అంతా తిరిగిన కాళ్లు ఇక సరిగా నడవలేదు. కదల్లేని స్థితిలో కూడా కొన్నేళ్లు మనవాళ్ల మధ్యే ఉండి పని చూసుకున్నారు. చివరికి అమెరికా తీసుకెళ్లారు. 1910 నవంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో ఆయన కన్నుమూశారు.